ముందు వరస

మొదటి చుక్క చల్లగా పడింది, రెండోది మంట పెట్టింది. "కళ్ళు మూసుకుని కూర్చోండి, నలభై నిమిషాలు. మధ్యలో తెరిచినా లాభం లేదు, అన్నీ మసకే, దగ్గరవి అసలు కనపడవు" అని చుక్కల నర్సు పక్క కుర్చీకి జరిగిపోయింది, కుండీల వరసకి నీళ్ళు పోసుకుంటూ వెళ్ళే మనిషిలా. బుద్ధిగా మూసుకున్నాను. మూసుకునే ముందు గోడ గడియారం చూశాను, పదీ పది. తీర్పు పదిన్నరకి. నలభై నిమిషాలంటే పదీ యాభై, అంటే చదువొచ్చిన ప్రతివాడూ ఆ తీర్పు చదివేసి, బాగుందనో బాలేదనో తేల్చేసి, టీ కూడా తాగేసిన తరవాత గానీ నాకు అక్షరం కనపడదు. కంటి డాక్టరు ఈ తారీఖు ఇచ్చి రెండు నెలలైంది, వదులుకుంటే మళ్ళీ రెండు నెలలు. కోర్టువాళ్ళు తమ తారీఖు పెట్టేముందు నన్ను సంప్రదించలేదు. ఎడమ కంట్లో మూడు నెలలుగా ఒక నల్ల నలుసు ఈదుతోంది, చూపు ఎటు తిప్పితే అటు వస్తుంది, పట్టుకుందామంటే పక్కకి జారుతుంది. అది ఏ వారంలో మొదలైందో నాకు కచ్చితంగా తెలుసు. చెల్లెలితో ఫోనులో ఆ మాట అన్న వారంలోనే. డాక్టరుకి ఈ సంగతి చెప్పలేదు, ఆయన చదివిన చదువులో ఇది ఉండదు.

ఎడమ పక్క కుర్చీలో అత్తయ్య. తోడు లేకుండా రావద్దని ఆసుపత్రివాళ్ళు రాశారు, మా ఆయనకి సెలవు లేదు, అందుకని డెబ్బై ఆరేళ్ళ మనిషి నాకు తోడొచ్చింది. నవ్వకండి, రెండేళ్ళ కిందట రెండు కళ్ళకీ ఆపరేషన్ అయ్యాక ఈ ఇంట్లో అందరికంటే ఆవిడ చూపే పదును, ఎదురింటి బాల్కనీలో ఆరేసిన చొక్కాకి బొత్తాం ఊడిందని మన వంటింట్లోంచి చెబుతుంది. కుడి పక్క ఎవరో పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరునని ఇందాక నర్సుతో చెప్పుకున్నారు. ఆయన కళ్ళలోనూ చుక్కలే. అత్తయ్య కాక వరసలో పదకొండు మందిమి, పదకొండు మందిమీ కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని, ఏదో తప్పు చేసి నిలబెట్టిన బడిపిల్లల్లా. నా సంచిలో ఫోను, ఫోనులో కోర్టు, కోర్టులో చెల్లెలు. ఎదురుగోడ మీద ఫోనులో మాట్లాడరాదన్న బోర్డు, కళ్ళు తెరిచి ఉండగానే చదివాను.

సర్వజ్ఞుడు. ఫోనులో ఏది అడిగినా వెతికి చెప్పే ఆ కంపెనీకి ఇంట్లో మేము పెట్టుకున్న పేరు అది. అసలు పేరు చెప్పక్కరలేదు, మీ జేబులోనూ ఉంటాడు. పెళ్ళైన మొదటి పన్నెండేళ్ళు ఆ ఉద్యోగం నాది. జ్వరం నూట రెండు దాటితే ఏం చేయాలి, తెల్లచొక్కా మీద సిరా మరక దేనితో పోతుంది, పెద్దాడి లెక్కల్లో ఈ ఎక్స్ ఎక్కడినుంచి వచ్చింది, ఆ ఊరికి ఏ బస్సు, ఈ నెల ముప్పైయా ముప్పైయొకటా, అన్నీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్నే అడిగేవారు. నేను గరిట దించకుండా చెప్పేదాన్ని. సగం తెలిసి, సగం ధైర్యంతో. ఒకరోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది, "ఉండు, సర్వజ్ఞుణ్ణి అడుగుదాం." గుమ్మం ఖాళీ అయిపోయింది. ఇలాంటప్పుడు కొందరు ఏడుస్తారు, కొందరు భక్తిలో పడతారు. నేను బి.కాం. చదివినదాన్ని. నా ఉద్యోగం ఊడగొట్టినవాడు ఎవడో వాడి షేర్లు కొన్నాను. సాయంత్రాలు నలుగురు పిల్లలకి లెక్కలు చెప్పగా వచ్చిన డబ్బుతో, రెండు నెలలకి ఒకటి, వీలైతే రెండు. తొమ్మిదేళ్ళలో అరవై రెండు. మా ఆయనకి తెలియదని అనను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, అంతే.

అసలు వాడి వ్యాపారం ఏమిటో నాకు పుస్తకాల్లో కంటే వంటింటి అలమారలోనే బాగా అర్థమైంది. డబ్బాల అలమార. ముందు వరసలో ఏది పెడితే ఇంట్లోవాళ్ళు అదే తీస్తారు. వెనక వరస అని ఒకటి ఉందని తెలిసినా చెయ్యి పెట్టరు, చెయ్యి అంత పొడుగు ఉండాలి, ముందున్నవి జరపాలి, ఎవరికి ఓపిక. అత్తయ్యకి షుగరు అని తేలిన రోజున నేను గొడవపడలేదు, ఉపన్యాసం చెప్పలేదు. చప్పటి బిస్కెట్ల డబ్బా ముందుకి తెచ్చాను, తీపివి వెనక్కి నెట్టాను. పదిహేను రోజుల్లో ఆవిడ చప్పటివి తినడం అలవాటు చేసుకుంది. సర్వజ్ఞుడు చేసిందీ అదే. ఫోను కొనగానే తెరిచిన చోట తానే ఉండేట్టు ఫోన్లు తయారుచేసేవాళ్ళకి ఏటేటా డబ్బు కట్టాడు. తన దుకాణం సరుకు పైన పెట్టుకున్నాడు, మిగతావాళ్ళది కిందకి, ఇంకా కిందకి, మూడో పేజీకి. మూడో పేజీ అంటే అలమార వెనక గోడ. ఎవరైనా అడిగితే, అమ్మా, తలుపు తీసే ఉంది కదా, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు కదా అంటాడు. నేనూ అత్తయ్యతో అలాగే అన్నాను. ఎవరు కాదన్నారు అత్తయ్యా, మీ ఇష్టం వచ్చింది తీసుకోండి.

కాకపోతే కంపెనీ వార్షిక నివేదికలో, చారు మరుగుతుండగా నిలబడి చదువుతుంటే, ఆ ముందు వరస కోసం వాడు కట్టే మొత్తం చూసి నాకు పొయ్యి కట్టేయాలనిపించింది. ఇంత రుచైన సరుకైతే ఇంత డబ్బు పోసి ముందు ఎందుకు నిలబడాలి. వెనకున్నా వెతుక్కుని తింటారు కదా జనం. నిజంగా తింటారా అన్నది వాడికీ తెలియదన్నమాట. తెలుసుకోవడానికి భయం అన్నమాట. అంత పెద్దవాడికి భయం ఉందని తెలిసినప్పుడు షేర్లున్న మనిషికి నిద్ర తగ్గాలి. నాకు తగ్గింది. కానీ అమ్మలేదు, పెరుగుతూనే ఉన్నాడు మరి, పెరిగేదాన్ని ఎవరు అమ్ముతారు. అలా ఉండగా కేసు వచ్చింది. ఒక్కడే బజారంతా పట్టుకున్నాడని, ఆ కంపెనీని ముక్కలు చేయాలని. ఆ కేసులో సాక్షుల జాబితాలో పద్నాలుగో పేరు మా చెల్లెలిది.

బస్సు డ్రైవరు గారు గొంతు సవరించుకుని, "ముప్పై నాలుగేళ్ళు అద్దంలో వెనకాల చూసుకుంటూ ముందుకి నడిపానమ్మా. ఇప్పుడు ముందూ లేదు, వెనకా లేదు" అన్నారు, ఎవరితోనో తెలియకుండా.

"నలభై నిమిషాలే కదండీ, బస్సు ఆలస్యమైందనుకోండి" అంది అత్తయ్య.

ఆయన గట్టిగా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎంతైందో ఎవరిని అడగను, అత్తయ్యని అడిగితే ఎందుకంత తొందరంటుంది. ఇప్పుడు పదీ ఇరవై ఉంటుందా. జడ్జిగారు కాఫీ తాగుతూ ఉంటారా. చెల్లెలు ఆ నీలం చీరే కట్టుకుందా. సాక్ష్యం చెప్పిన రోజున అదే కట్టుకుంది, బస్సులో నలిగిపోతుందని ఒళ్ళో తువ్వాలు పరుచుకుని మరీ కూర్చుందట. ఆ ప్రయాణం టిక్కెట్టు నేనే కొనిచ్చాను. సర్వజ్ఞుడు ఏడాదికోసారి నా ఖాతాలో వేసే డివిడెండుతో. అంటే తనకి ఎదురు సాక్ష్యం చెప్పడానికి వచ్చే మనిషికి దారిఖర్చులు వాడే ఇచ్చాడు, పాపం, తెలియక. ఆ ఒక్క సంగతి తలుచుకుంటే మాత్రం ఎంత దిగులులో ఉన్నా నా పెదవి ఒక పక్కకి లేస్తుంది.

అమ్మ కుట్టు మిషను పాడైన ఏడాది నాకు పన్నెండు, చెల్లెలికి ఎనిమిది. పాడైందంటే పెద్ద రోగం ఏమీ కాదు, కింద దారం ఉండే బాబిన్ కేసు ఒకటి పగిలింది, వేలి గోరంత ఇనుప ముక్క. ఆ రకం మిషనుకి ఆ ముక్క ఏ దుకాణంలోనూ లేదు, ఉన్నా ఏ పేరుతో అడగాలో తెలియదు. అమ్మ పగిలిన ముక్కని రుమాల్లో కట్టుకుని దుకాణం దుకాణం తిరిగింది. అయిదు నెలలు మిషను మూత పెట్టే ఉంది, అయిదు నెలలు ఇంట్లో నాన్న జీతం ఒక్కటే. చెల్లెలు ఆ ముక్కని మర్చిపోలేదు. లైబ్రరీ కోర్సు చదివింది, పుస్తకాలకి నంబర్లు వేసే ఉద్యోగం చేసింది, ఆ తరవాత అదీ మానేసి కుట్టు మిషను భాగాలకి నంబర్లు వేయడం మొదలుపెట్టింది. ఏ మిషనుకి ఏ ముక్క సరిపోతుంది, దాని బదులు ఏది పెట్టవచ్చు, ఎవరి దగ్గర దొరుకుతుంది. వంటబల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో ఫొటో, ఒక్కొక్కటే, పదకొండు వేల ముక్కలు. దానికో వెబ్‌సైటు. దర్జీలు, మిషన్లు బాగుచేసేవాళ్ళు, అమ్మలాంటి అమ్మలు రోజుకి వేలమంది వచ్చేవారు, అందరూ సర్వజ్ఞుణ్ణి అడిగి, వాడు చూపిస్తే వచ్చినవాళ్ళే. వాడు చూపించాడు, చూశాడు కూడా. రెండేళ్ళలో వాడే భాగాల దుకాణం తెరిచి పైన కూర్చున్నాడు. చెల్లెలు మూడో పేజీకి పోయింది. వచ్చేవాళ్ళు వేలనుంచి వందలు, వందలనుంచి ఇరవై. అంతటితో ఆగితే ఓర్చుకునేదేమో. వాడి దుకాణంలో బాబిన్ కేసు ఫొటో చూసింది, చిన్నప్పుడు మిషను సూది దిగిన మచ్చ ఉన్న బొటనవేలు ఆ ఫొటోలో ఉంది. దాని వేలే. ముక్కని పట్టుకున్న చెయ్యితో సహా ఎత్తుకుపోయారు. కోర్టులో వకీలు ఇది మీ వేలే అనడానికి ఆధారమేమిటంటే, అది వేలు చూపించిందట, అంతే.

ఆ సాక్ష్యానికి ముందే ఫారం నింపమన్నారు. మూడు నెలల కిందట, ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. "అక్కా, ఇక్కడొక డిక్లరేషన్ ఉందే. నా దగ్గరి బంధువులెవరికీ ఆ కంపెనీలో షేర్లు, వాటాలు, ఏ రకమైన లాభాలూ లేవని సంతకం పెట్టాలట. నీకేం లేవుగా?" అని నవ్వుతూనే అడిగింది. నేను కూరగాయలు తరుగుతున్నాను. చెయ్యి ఆగలేదు, మాటా ఆగలేదు. "నాకెక్కడివే" అన్నాను. అనాలనుకుని అన్న మాట కాదు. అమ్మ దారపుండల డబ్బా అడుగున నోట్లు మడిచి పెట్టుకుని, నాన్న అడిగితే నాకెక్కడివండీ అనేది. అమ్మమ్మ అలాగే అనేదట. అత్తయ్యా అంటుంది. ఆడవాళ్ళ దగ్గర ఏమున్నా లేదనడం మా ఇళ్ళల్లో ఊపిరి లాంటిది, పీల్చుకుంటున్నామని ఎవరు చూసుకుంటారు. ఫోను పెట్టేశాక, తరిగిన ముక్కలు నీళ్ళలో వేశాక అప్పుడు తెలిసింది, అబద్ధం చెప్పానని. వెంటనే చేసి చెప్పవచ్చు. చెబితే, ఎన్నాళ్ళనుంచి అంటుంది. నన్ను మూడో పేజీకి నెట్టినప్పుడు కూడా ఉన్నాయా అంటుంది. ఉన్నాయి. రెండు ఆ నెలలోనే కొన్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ వారంలోనే నలుసు.

చిన్నప్పుడు ఎర్ర పెన్సిలు ఒకటి ఉండేది మా ఇద్దరికీ కలిపి. నేను దిండు గలీబులో దాచాను. "అక్కా, ఎర్ర పెన్సిలు చూశావా?" "నా దగ్గరెక్కడిది." అది ఏమీ అనకుండా నేరుగా నా దిండు దగ్గరికి వెళ్ళి, గలీబులో చెయ్యి పెట్టి, తీసుకుని వెళ్ళిపోయింది. ఎలా తెలిసిందో ఈనాటికీ తెలియదు. ఇంకోసారి రబ్బరు, నిజంగానే నా దగ్గర లేదు, అప్పుడు నన్ను వదిలేసి బయట మెట్ల మీద వెతుక్కుంది. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది ఇది. చుక్కల మందు గొంతులోకి దిగి చేదుగా ఉంది, చేదుకి చిన్నతనం గుర్తొస్తుందేమో.

పోయిన వారం పేపర్లో చదివాను, అందుకే ఈ భయం. అదే కేసులో ఇంకో సాక్షి, కొరియరు సంస్థాయన, ఆయన బావమరిది దగ్గర కంపెనీ షేర్లున్నాయని ఎదుటి వకీళ్ళు పట్టుకున్నారు. డిక్లరేషన్ తప్పు, కాబట్టి సాక్ష్యం మొత్తం కొట్టెయ్యమన్నారు, కొట్టేశారు. బావమరిది దగ్గర ఉన్నవి నాలుగు. నాలుగుకే మనిషి నోరు మూయించారు. నా దగ్గర అరవై రెండు. ఎవరి దగ్గర ఎన్నున్నాయో పేర్లతో సహా జాబితా ఉండేది ఎవరి దగ్గర, కంపెనీ దగ్గరే. ఆ జాబితాలో నా ఇంటిపేరు పెళ్ళితో మారింది కాబట్టి ఇన్నాళ్ళూ దొరకలేదేమో. ఈ ఉదయం దొరికిందేమో. ఇప్పుడు ఈ నిమిషాన జడ్జిగారు పద్నాలుగో సాక్షి మాట పరిగణించడం లేదని చదువుతున్నారేమో, ఆ బొటనవేలు ఒళ్ళో పెట్టుకుని అది వింటోందేమో. ఇన్నాళ్ళూ తీర్పు ఎటు వస్తే నాకేమిటని లెక్కలు వేశాను, ముక్కలు చేస్తే షేరు ఎంత పడుతుంది, వదిలేస్తే ఎంత లేస్తుంది. కళ్ళు మూసుకుని చూస్తే ఆ లెక్కలు ఒక్కటీ కనపడటం లేదు. అరవై రెండూ పోనీ. దాని మాట నిలబడాలి. నా నాలుక వల్ల పోకూడదు.

కుర్చీలోంచి లేచాను. గోడ తడుముకుంటూ మెట్ల దగ్గరికి వెళ్ళాను, తెల్లటి మసకలో మనుషులు చీరల రంగుల్లా కదులుతున్నారు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా సర్వజ్ఞుణ్ణే అడిగాను. ఎవరిని అడగను మరి, ఎవరూ లేనప్పుడు అడగడానికే కదా వాడున్నది. "నీ మీద కేసు తీర్పు వచ్చిందా?" వాడు మర్యాదగా, మెట్లన్నీ వినేట్టు, "మీకు దగ్గరలో తొమ్మిది మంది వకీళ్ళు ఉన్నారు. మొదటివారు ఇప్పుడే అందుబాటులో ఉన్నారు" అన్నాడు. తన తీర్పు మీద కూడా తన ప్రకటనే ముందు. "అమ్మా, ఫోను మాట్లాడకూడదు" అని నర్సు గొంతు. "మాట్లాడింది నేను కాదు, అది" అన్నాను. తిరిగొచ్చి నా కుర్చీ అనుకుని డ్రైవరు గారి ఒళ్ళో కూర్చోబోయి, ఆయన "ఈ సీటు రిజర్వు" అంటే పక్కకి జరిగాను.

"ఏమిటమ్మాయ్, పిల్లి పిల్లల్ని మార్చినట్టు తిరుగుతున్నావు?" అంది అత్తయ్య.

చెప్పాలి. తీర్పు వచ్చేలోపే చెప్పాలి. గెలిచాక చెబితే అది చెప్పడం కాదు, ఓడాక చెబితే ఎందుకూ పనికిరాదు. ఇంకా ఎన్ని నిమిషాలున్నాయి. "టైమెంతైంది అత్తయ్యా?" "ఇరవై ఆరు." నాలుగు నిమిషాలు. ఈ మాట రాయాలంటే నాకు అక్షరాలు కనపడవు, చెల్లెలు కోర్టు హాల్లో ఫోను ఎత్తదు, రాసిపెట్టే కళ్ళు ఒక్క జతే ఉన్నాయి ఈ వరసలో. ఆ కళ్ళ దగ్గరే తొమ్మిదేళ్ళుగా దాస్తున్నాను.

"అత్తయ్యా, చెల్లికి ఒక మెసేజ్ పెట్టాలి. నేను చెబుతాను, మీరు కొట్టండి."

"కొడతాను. ఒక్క వేలే పనిచేస్తుంది, నిదానంగా చెప్పు."

"ఆ కంపెనీవి."

"ఆ... కం... పె... నీ... వి."

"షేర్లు నా దగ్గర ఉన్నాయి. అరవై రెండు."

వేలి చప్పుడు ఆగింది. నా జీవితంలో అంత పొడుగు నిశ్శబ్దం ఇంకోటి లేదు, మా ఆయన పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే త్వరగానే మాట్లాడాడు.

"అరవై రెండు అంకెల్లో వేయనా, అక్షరాల్లో వేయనా?"

"అంకెల్లో అత్తయ్యా."

"వేశాను. తరవాత?"

"నీకు అబద్ధం చెప్పాను. కావాలంటే ఇప్పుడే మీ వకీలుకి చెప్పు. నా వల్ల నీ మాట పోకూడదు."

టక్కు టక్కు టక్కుమని ఆవిడ వేలు. మధ్యలో, తల ఎత్తకుండానే అని గొంతుని బట్టి తెలిసింది, "తొమ్మిదేళ్ళనుంచి నా కొడుక్కి తెలియకుండా నువ్వేదో కూడబెడుతున్నావని నాకు తెలుసు. బంగారమనుకున్నాను. బంగారం దాచే చోట్లన్నీ వెతికాను కూడా."

"వెతికారా?"

"అలమారలో వెనక వరస దాకా వెతికాను. బంగారం లేదు, తీపి బిస్కెట్లు దొరికాయి. రోజుకొకటే తింటున్నాలే, కంగారుపడకు. నువ్వు డబ్బా నింపేటప్పుడు లెక్క చూసుకోవని తెలుసు." ఆఖరిసారి నొక్కి, "పంపించేశాను" అని ఫోను నా ఒళ్ళో పెట్టింది.

పంపించేసింది. చప్పటి బిస్కెట్లకి అలవాటు పడిందని నేను రెండేళ్ళుగా గర్వపడుతున్నాను. ఈ మనిషికి చెయ్యి పొడుగని చూసుకోలేదు. వెనక వరసకి ఎవరూ వెళ్ళరన్న నా సిద్ధాంతం, దాని మీద కట్టుకున్న పెట్టుబడి జ్ఞానం మొత్తం, ఒక్క ముసలావిడ ఒక్క చేత్తో పక్కకి జరిపేసింది. కావలసినవాళ్ళు వెతుక్కుంటారు. ఆకలి ఉంటే చాలు. దాని సంగతి తరవాత ఆలోచించాలి, ఇప్పుడు కాదు. ఇప్పుడు పదిన్నర అయుంటుంది. చెల్లెలు ఫోను చూసుకుని ఉంటుంది. చూసి మొహం ఎలా పెట్టుకుని ఉంటుంది, కోపం వస్తే దానికి ముక్కు తెల్లబడుతుంది, ఎర్రబడదు. వకీలు వైపు వంగి చెబుతోందా. లేక ఫోను సంచిలో పడేసి, నాకు అక్క లేదనుకుంటోందా. అనుకుంటే అనుకోనీ, కానీ చెప్పాలి, వకీలుకి చెప్పాలి. గొంతులో చేదు పోలేదు. ఎవరో పక్క గదిలో అక్షరాల పట్టీ చదువుతున్నారు, పెద్ద అక్షరాలు ధైర్యంగా, కిందకి వచ్చేకొద్దీ గొంతు సన్నబడుతూ. కాలానికి అలాంటి పట్టీ ఉంటే నేను ఏ వరసలో ఉన్నాను. నర్సు వచ్చి రెప్ప పైకెత్తి టార్చి కొట్టి, ఇంకా కాలేదు, ఇంకో పది నిమిషాలు అని ఇంకో చుక్క వేసింది. కన్నీళ్ళకి ఇంత మంచి ముసుగు దొరకదు, ధారాళంగా కారనిచ్చాను. అత్తయ్య తన కొంగు నా చేతిలో పెట్టింది.

ఒళ్ళో ఫోను వణికింది. వణుకుతూనే ఉంది. మెసేజ్ కాదు, పిలుపు.

"మీ చెల్లెలే" అని అత్తయ్య తీసుకుని ఏదో నొక్కింది. ఏం నొక్కిందో హాలంతా తెలిసింది, చెల్లెలి గొంతు గోడల దాకా వెళ్ళింది.

"అక్కా, గెలిచాం. నా పేరు చదివారే, పద్నాలుగో సాక్షి మాట నమ్మదగ్గదని రెండు చోట్ల చదివారు. వాడి దుకాణం వాడు పైన పెట్టుకోకూడదట, అందరినీ ఒకే కొలతతో నిలబెట్టాలట, ఫొటోలన్నీ ఆరు వారాల్లో తీసెయ్యాలట. ముక్కలు మాత్రం చేయలేదు."

"నా మెసేజ్ చూశావా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, కానీ దానికి వినపడింది.

"చూశాను. ఇన్నాళ్ళకి పంపించావు. నేను మూడు నెలల కిందటే ఫారంలో రాసేశానులే."

"ఏం రాశావు?"

"లేవు అన్నది కొట్టేసి, అక్కకు ఉన్నాయి, ఎన్నో తెలియదు అని రాశాను."

"నేను లేవన్నాను కదే."

"అందుకే రాశాను. నీ దగ్గర నిజంగా లేకపోతే ఉండు చూస్తాను అంటావు, వెతికి మరీ లేదంటావు. ఉంటేనే నాకెక్కడివి అంటావు. ఎర్ర పెన్సిలు నాటినుంచీ అంతే కదే నువ్వు."

వరసలో ఎవరో దగ్గారు, నవ్వు ఆపుకునే దగ్గు. కళ్ళు మూసుకున్న పదిమంది చెవులు ఎంత తెరిచి ఉన్నాయో నాకు కనపడకుండానే కనపడింది.

"కోర్టులో అడగలేదా వాళ్ళు?"

"అడగకేం. మీ అక్కకి మా కంపెనీలో వాటాలున్నాయట కదా అన్నాడు వాళ్ళ వకీలు, ఏదో పట్టేసినట్టు. ఉన్నాయండీ, మీరు ఓడితే నష్టం ఆవిడకే, అయినా వచ్చాను అన్నాను. జడ్జిగారు ఆగి మరీ రాసుకున్నారు. ఇవాళ అదే చదివారు, సొంత అక్క నష్టపోతుందని తెలిసీ చెప్పిన సాక్ష్యం అని."

"మరి నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?"

"నువ్వే చెబుతావేమో చూద్దామని. నిన్న రాత్రి కూడా చూశాను." వెనక కోర్టు మెట్ల మీద ఎవరో దాన్ని పిలుస్తున్నారు. "తీర్పుకి రెండు నిమిషాల ముందు పంపించావు. తరవాత పంపించి ఉంటే ఒక ఏడాది మాట్లాడేదాన్ని కాదు. సరే, ఇక్కడ ఫొటోలు తీస్తామంటున్నారు, బొటనవేలు పైకెత్తమంటున్నారు, నాకు నవ్వొస్తోంది. షేర్లు అమ్మకు. వాడెక్కడికీ పోడు. మొదటి పేజీలో నాకింత చోటిస్తే చాలు, నాకు వాడి మీద పగేమీ లేదు."

పెట్టేసింది. అత్తయ్య ఫోను నా చేతిలో పెట్టి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. "ఇంకోటి వచ్చింది, షేర్లవాళ్ళ దగ్గరినుంచి. మూడు శాతం పైకి అట. ఓడిపోతే పైకి వెళ్తుందా?"

వెళ్తుంది. గొడ్డలి పడుతుందని వణికినవాళ్ళకి బెత్తంతో సరిపెట్టారు, అందరూ ఊపిరి వదిలి ఇంకాస్త కొన్నారు. మామూలు రోజైతే ఈ ముక్క అత్తయ్యకి డబ్బాలతో సహా విడమర్చి చెప్పేదాన్ని. నాకు ఆ మూడు శాతం లోపలికి వెళ్ళలేదు. లోపల చోటు లేదు. మూడు నెలలనుంచి భుజం మీద ఉన్నది ఎవరో వచ్చి, ఇటివ్వు అక్కా, బరువుగా ఉందా అని తీసుకున్నట్టు ఉంది. అది ముందే తీసుకుంది, నేనే ఖాళీ భుజాన్ని మోస్తున్నాను. ఇంత వయసొచ్చి నా నాలుక ఏం చేస్తుందో నాకంటే ఎనిమిదేళ్ళ పిల్లకి బాగా తెలుసు.

"మొత్తానికి ఆ సర్వజ్ఞుడిలో మనకి వాటా ఉందన్నమాట" అంది అత్తయ్య, కొంచెం దర్జాగా. "అయితే ఒక మాట చెప్పు వాడికి. మొన్న నా మోకాళ్ళ నొప్పికి మందు అడిగితే దుప్పట్ల అంగడి చూపించాడు. యజమానులం అడిగితే ఇదా మర్యాద?"

"చెబుతాను అత్తయ్యా."

"నా కొడుక్కి నేను చెప్పను. నువ్వూ బిస్కెట్ల సంగతి చెప్పకు."

డ్రైవరు గారు పక్కనుంచి, "నాకు ఏమీ వినపడలేదమ్మా" అన్నారు. "కళ్ళు మూసుకున్నాను కదా."

నా పేరు పిలిచారు. అత్తయ్య చెయ్యి పట్టుకుని చీకటి గదిలోకి తీసుకెళ్ళింది. గడ్డం ఒక పట్టీ మీద ఆనించమన్నారు, నుదురు ఇంకో పట్టీకి. తెల్లటి వెలుగు కంట్లోకి దూరి, గుమ్మం దాటి, హాలు దాటి, నేను కూడా ఎప్పుడూ వెళ్ళని వెనక గదుల్లోకి వెళ్ళింది. పైకి చూడండి, కిందకి చూడండి, నా చెవి వైపు చూడండి అన్నారు డాక్టరు. అలమారలో చెయ్యి పెట్టినట్టు ఆ వెలుగు ఒక్కొక్కటే జరుపుకుంటూ వెతుకుతోంది. వెతకండి, అన్నాను మనసులో. ఇవాళ వెనక వరస దాకా చూసుకోండి.

"లోపల ఏమైనా ఉందా డాక్టరు గారూ?"

ఆయన రెండో కన్ను కూడా చూశారు. మళ్ళీ మొదటిదానికి వచ్చారు, తీరిగ్గా మూల మూలా వెతికారు.

"లేదమ్మా" అన్నారు. "ఏమీ లేదు."

వెతికి మరీ అన్నారు కాబట్టి నమ్మాను.